పెరటి పూలను చూసి లేసు అల్లుతున్నాను. పువ్వు వస్తోంది గానీ లేసు రావడం లేదు

సన్నదారం అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఎనిమిదేళ్లుగా క్రోషా సూదితో లేసు అల్లుతున్నాను. ఇంతకాలం ఎవరో ఇచ్చిన నమూనాలు ముందు పెట్టుకొని, కుట్లు లెక్కపెట్టుకుంటూ అల్లడమే తప్ప సొంతంగా ఒక్క పువ్వును కూడా కల్పించలేదు. ఈ ఏడు వసంతంలో ఒక పంతం పట్టాను. ఆరు ఋతువుల్లోనూ పెరట్లో ఏది కంటికి నచ్చితే దాన్ని చూసి, ఋతువుకొక అంచు చొప్పున ఆరు అంచులు అల్లి, వాటిని ఒకదాని కింద ఒకటిగా కలిపి కిటికీకి ఒక తెర చేయాలన్నది ఆ పంతం.

మొదట మందారాన్ని తీసుకున్నాను. ఐదు రేకలు, నడుమ పొడుగాటి కేసరాల కాడ, దాని చుట్టూ పుప్పొడి బొడిపెలు, ఏదీ వదలకుండా దించాను. చూసినవారందరూ అచ్చం మందారమే అన్నారు. నా కంటికి మాత్రం అది వల మీద అతికించిన బిళ్లలా కనిపించింది. పైగా ఉతికి ఆరవేసేసరికి అంచులన్నీ పైకి లేచి దొప్పలాగా తయారైంది. గ్రీష్మంలో ముద్దమల్లెను ప్రయత్నించాను. దాని సంగతి ఇంకా అన్యాయం. తెల్లదారంతో అల్లిన తెల్లమల్లె నాలుగడుగుల దూరం నుంచి చూస్తే విప్పని దారపుండలాగా ఉంది.

ఇప్పుడు వానలు మొదలయ్యాయి. ఎంచుకున్న పువ్వులోనే పొరపాటు ఉందా, లేక నేను పువ్వును చూసే తీరులోనే పొరపాటు ఉందా అన్నది తేల్చుకోలేకుండా ఉన్నాను. లేసు కోసం పువ్వును చూడాలంటే అందులో దేన్ని చూడాలి? పూలే లేని శిశిరంలో ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలిగితే సంతోషిస్తాను.

కండెదారం సమాధానం

సన్నదారం గారూ, మీ మందారం అచ్చం మందారంలా రావడమే ఇబ్బందికి మూలమని నాకు అనిపిస్తోంది. బొమ్మ గీసేవారు రేకను చూస్తే సరిపోతుంది గానీ, లేసు అల్లేవారు రేకకూ రేకకూ నడుమ ఉన్న సందును ముందు చూడాలి. పదహారో శతాబ్దంలో ఇటలీలో అడుగున బట్ట లేకుండా సూదీ దారంతోనే లేసు కుట్టడం మొదలైనప్పుడు ఆ పనికి ‘గాలిలో కుట్టు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. అంతకుముందు బట్టలోంచి దారాలు లాగేసి, కత్తిరించి, మిగిలిన కొద్ది దారాలను కుట్టుతో బలపరిచేవారు. అంటే ముందు ఖాళీని తయారుచేసుకొని, తర్వాత ఆ ఖాళీ కూలిపోకుండా దారంతో నిలబెట్టేవారన్నమాట. ఈ వరస మనసులో పెట్టుకొని పెరట్లోకి వెళితే ఏ పువ్వు పనికివస్తుందో, ఏది రాదో మీకే తెలిసిపోతుంది. మందారం రేకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి, ముద్దమల్లెలో అసలు సందే లేదు. మీరు కష్టపడి అల్లినదంతా ఖాళీ లేనిచోట దారాన్ని పేర్చడమే అయింది.

వానకాలం వచ్చింది కాబట్టి మీ పెరట్లో పొట్లపాదు ఉంటే ఈ రాత్రికే చూడండి. నేను లేసు అల్లడం నేర్చుకున్న పదేళ్లకు గానీ పొట్లపువ్వును సరిగా చూడలేదని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. పగలంతా చూసేది వాడి ముడుచుకున్న పువ్వునే కాబట్టి అందులో ఏముందిలే అనుకునేదాన్ని. ఒకసారి చీకటిపడ్డాక దీపం పట్టుకొని పాదు దగ్గరికి వెళితే, అప్పుడే విచ్చుకుంటున్న మొగ్గ ఒకటి కనిపించింది. ఐదు తెల్లని రేకలు, ప్రతి రేక అంచు నుంచీ వెంట్రుకల్లాంటి పోగులు. మొగ్గలో ఉన్నప్పుడు ఆ పోగులన్నీ లోపలికి ఉంగరాలుగా చుట్టుకొని ఉంటాయి. రేక వెనక్కి వాలేకొద్దీ అవి ఒక్కొక్కటే సాగి, మళ్లీ చీలి, చివరికి పువ్వు చుట్టూ రేకల కన్నా వెడల్పైన జాలీ ఒకటి ఏర్పడుతుంది. కొన్ని పోగుల కొసలు మాత్రం పూర్తిగా సాగకుండా చిన్న సున్నల్లా చుట్టుకొనే ఉండిపోతాయి. పొట్ల జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన ట్రైకోశాంథిస్ అనే పేరుకు గ్రీకులో వెంట్రుకల పువ్వు అనే అర్థం. రాత్రి తిరిగే చిమ్మటల కోసం పూసే పువ్వు కాబట్టి ఆ తెలుపు, ఆ పోగులు చీకట్లోనే బాగా తెలుస్తాయి. పొద్దెక్కేసరికి మళ్లీ అంతా ముద్దయిపోతుంది.

దీన్ని అల్లేటప్పుడు రేకను చాలా చిన్నదిగా, నాలుగైదు కుట్లతో తేల్చేయండి. అసలు పనంతా పోగుల్లోనే ఉంది. పొడుగు గొలుసు వేసి, అదే గొలుసు మీదుగా వెనక్కి వస్తూ కొసన ఉన్న నాలుగు కుట్లలో మాత్రం రెండేసి కుట్లు వేస్తే, ఆ కొస దానంతట అదే మెలి తిరుగుతుంది. మిగిలిన పొడవున ఒక్కొక్క కుట్టే వేయండి. లేకపోతే పోగంతా స్ప్రింగులా తయారవుతుంది.

మందారం మీద మనసు చావకపోతే దానికీ దారి ఉంది. 1840ల కరువు కాలంలో ఐర్లండులో ఇల్లు గడవడానికి చేపట్టిన క్రోషా లేసులో గులాబీలూ ఆకులూ లావుపాటి దారాన్ని లోపల పెట్టి, దాని మీదుగా అల్లి, ఉబ్బెత్తుగా చేసేవారు. విడివిడిగా చేసిన ఆ పూలను బట్ట మీద బోర్లించి టాకాలు వేసి, నడుమ ఖాళీలను పికో అనే చిన్న చిన్న ఉచ్చు ముడులున్న వలతో నింపేవారు. అక్కడ పువ్వు బరువుగా ఉన్నా చెల్లింది, ఎందుకంటే చుట్టూ ఉన్న వల కూడా ముడులతో నిండి పువ్వుకు దీటుగా ఉండేది. మీ వల నున్నగా, పువ్వు మందంగా ఉండి ఉంటుంది. అందుకే బిళ్లలా కనిపించింది.

పెరటిగట్టు సమాధానం

కండెదారం గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గానీ, సందుల్ని మాత్రమే చూడమంటే నాకు మనసొప్పడం లేదు. నాకు అల్లిక రాదు, మొక్కలు పెంచడం మాత్రమే వచ్చు. నా మటుకు నాకు లేసులా అనిపించే పువ్వులన్నిటిలోనూ కాడలు విడిపోయే తీరే ముందు కనిపిస్తుంది. కొత్తిమీర పూతను చూడండి. ఒకే బిందువు దగ్గర నుంచి గొడుగు కమ్ముల్లా నాలుగైదు కాడలు విడిపోతాయి, ఒక్కొక్క కాడ కొసన మళ్లీ అలాంటిదే ఒక చిన్న గొడుగు విచ్చుకుంటుంది, ఆ చిన్న గొడుగు కమ్ముల చివర పూలు ఉంటాయి. అందులోనూ ఒక విచిత్రం ఉంది. గుత్తికి బయటి వరసలో ఉన్న పూలకు బయటివైపు రేకలు మాత్రమే పెద్దవిగా పెరుగుతాయి, లోపలివైపు రేకలు చిన్నగానే ఉండిపోతాయి. దాంతో గుత్తి మొత్తానికీ ఎవరో కావాలని అంచు కట్టినట్లుగా ఉంటుంది. సోంపు, సోయికూర, వాము, క్యారెట్ అన్నీ ఈ గొడుగుల కుటుంబమే. అడవి క్యారెట్ పువ్వుకైతే ఇంగ్లీషువారు ఏకంగా రాణి ఆన్ లేసు అనే పేరే పెట్టుకున్నారు. తెల్లని గుత్తి నడుమ ఒక్కోసారి కనిపించే ముదురు ఎరుపు పువ్వును, లేసు అల్లుతూ రాణి వేలికి సూది గుచ్చుకొని రాలిన రక్తపు చుక్కగా కథ చెప్పుకుంటారు.

ఋతువుల మాటకు వస్తే, మీకు నా మొదటి సలహా ఏమిటంటే కోయడం మానేయండి. పెరట్లో లేసులాంటివన్నీ మనం పీకి పారేయాల్సిన సమయం దాటాక వచ్చేవే. కొత్తిమీర ఆకు కోసం వేసుకున్న మడిలో ఎండ ముదిరేసరికి మొక్క పూతకు పోతుంది. అది పాడైపోయిందని పీకేస్తాం. అదే మీ గ్రీష్మపు అంచు. చినగోరంట పొద ఉంటే అది కూడా ఎండల నుంచి వానల దాకా పూస్తుంది. దాని రేక ఒక్కొక్కటీ ముడతలు పడిన పలచని కాగితంలా ఉంటుంది గానీ, రేక మొదలు మాత్రం దారంలా సన్నని కాడ. అందువల్ల పువ్వు నడిమి భాగం చుట్టూ ఖాళీ ఏర్పడి, ముడతల అంచు దూరంగా తేలినట్లుంటుంది. వానల్లో పొట్ల గురించి ఎలాగూ చెప్పారు. మందారాల్లోనే రేకలు పీచుపీచులుగా చీలి, తలకిందులుగా జుంకాల్లా వేలాడే రకం ఒకటుంది. మీకు మందారమే కావాలంటే దాన్ని తీసుకోవాల్సింది. శరత్తులో మళ్లీ రావాల్సినవాటి సంగతి పెద్దగా చెప్పలేను, ఆ రెండు నెలలూ నా పెరడు ఆకులతోనే నిండి ఉంటుంది. హేమంతంలో చామంతులు ముద్దగా ఉంటాయి కాబట్టి మీకు పనికిరావు, కానీ ఒంటిరెక్క చామంతి వెనకవైపు నుంచి చూడండి, ఎంతో తేటగా ఉంటుంది.

శిశిరం పూలు లేని కాలమని మీరు బాధపడుతున్నారు గానీ నా దృష్టిలో అదే అసలైన లేసు కాలం. పాదు మీదే ముదిరి ఎండిపోయిన బీరకాయ తోలు ఒలిచి, గింజలు దులిపి, లోపలి పీచును అడ్డంగా బిళ్లల్లా కోయండి. ప్రతి బిళ్లలోనూ మూడు ఖాళీ గదులు, వాటి చుట్టూ నడిమికి వచ్చేసరికి చిక్కగానూ బయటికి పోయేకొద్దీ వదులుగానూ అల్లుకున్న పీచు ఉంటుంది. అలాగే కుప్పంటి మొక్క కాయ చుట్టూ ఉండే బుడ్డ నేలరాలి తడికి నాని, మెత్తని భాగమంతా కుళ్లిపోయాక ఈనెలు మాత్రమే మిగిలి, లోపల కాయ ఉన్న చిన్న పంజరంలా దొరుకుతుంది. ఆ బుడ్డ నిజానికి రేక కాదు, పువ్వు రక్షక పత్రాలే పెరిగి పెరిగి అలా కమ్ముకుంటాయి. రావి ఆకును రెండు మూడు వారాలు నీళ్లలో నానబెట్టి మెత్తని కుంచెతో రుద్దినా ఇటువంటి ఈనెల వలే వస్తుంది. వాసన భరించగలగాలి, అంతే.

క్యారెట్ పువ్వు కావాలంటే మాత్రం ఇప్పటి నుంచే ఆలోచించుకోవాలి. అది రెండేళ్ల మొక్క. మొదటి ఏడు దుంప కట్టి, మంచి చలి తగిలిన తర్వాతే పూతకాడ వేస్తుంది. చలి లేనిచోట ఎంత కాలం ఉంచినా పూయకపోవచ్చు.

లెక్కలచీటీ సమాధానం

పైవారిద్దరూ అందం గురించి చెప్పారు కాబట్టి నేను మీ దొప్ప గురించి మాత్రమే చెబుతాను. గుండ్రంగా అల్లేటప్పుడు ఒక్కో వరుసకు మీరు ఎన్ని కుట్లు పెంచారు? వృత్తం చుట్టుకొలత వ్యాసార్థానికి 6.28 రెట్లు కాబట్టి, ఎత్తూ వెడల్పూ సమానంగా ఉండే పొట్టి కుట్టుతో అల్లితే వరుసకు ఆరు కుట్లు, ఎత్తు వెడల్పుకు రెండింతలుండే పొడుగు కుట్టుతో అల్లితే వరుసకు పన్నెండు కుట్లు పెరగాలి. అప్పుడే అల్లిక బల్ల మీద చదునుగా పరుచుకుంటుంది. అంతకన్నా తక్కువ పెంచితే చుట్టుకొలత చాలక దొప్ప అవుతుంది, ఎక్కువ పెంచితే మిగిలిపోయిన పొడవు ఎక్కడికి పోవాలో తెలియక అంచు కుచ్చిళ్లు పోతుంది.

ఈ రెండో సంగతిని పూలు ఎప్పటి నుంచో వాడుకుంటున్నాయి. చినగోరంట రేక ముడతలైనా, కోడిజుట్టు పువ్వు మడతలైనా నడిమి భాగం కన్నా అంచు ఎక్కువగా పెరగడం వల్ల వచ్చేవే. లిల్లీ మొగ్గ విచ్చుకోవడానికి కూడా రేకల అంచులు ఎక్కువగా పెరగడమే ముఖ్య కారణమని 2011లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. 1997లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో డైనా టైమిన్యా అనే గణిత శాస్త్రజ్ఞురాలు వరుస వరుసకూ ఒకే నిష్పత్తిలో కుట్లు పెంచుకుంటూ పోయి, విద్యార్థులు చేత్తో పట్టుకొని చూడగలిగే హైపర్బోలిక్ తలాన్ని, అంటే అంచుకు పోయేకొద్దీ ఎక్కువగా విస్తరించి కుచ్చిళ్లు పోయే తలాన్ని, క్రోషాతో అల్లారు. దాన్ని చూస్తే గణితం అనుకోరు, కోడిజుట్టు పువ్వు అనుకుంటారు. కాబట్టి మీకు చినగోరంట కావాలంటే చివరి రెండు వరుసల్లో ప్రతి కుట్టులోనూ రెండేసి వేసి చూడండి. కుచ్చు కోసం విడిగా ఏమీ చేయనక్కర్లేదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, కిటికీ తెరలో కుచ్చిళ్ల అంచు దుమ్ము పట్టే గూడు.

నీలిముద్ర సమాధానం

ఒక చిన్న ఉపాయం చెబుతాను. సందుల్ని చూడండి అని చెప్పడం సులభమే గానీ, ఎదురుగా రంగురంగుల పువ్వు ఉండగా కన్ను రంగు మీదికే పోతుంది. అందుకని పువ్వును చూడటం మానేసి దాని నీడను చూడాలి. నేను సయనోటైప్ అనే పాత ఫోటో పద్ధతిని వాడతాను. దాన్ని 1842లో జాన్ హెర్షెల్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుడు కనిపెట్టారు. మరుసటి ఏడే ఆనా ఆట్కిన్స్ అనే వృక్షశాస్త్రజ్ఞురాలు సముద్రపు నాచు మొక్కలను ఆ కాగితం మీద నేరుగా పరిచి ముద్రలు తీయడం మొదలుపెట్టారు. ఇనుము లవణాలు పూసిన కాగితం మీద పూలగుత్తిని పరిచి, అద్దంతో అదిమి, ఎండలో కొన్ని నిమిషాలు ఉంచి నీళ్లతో కడిగితే, ఎండ తగిలినచోట ముదురు నీలం, మొక్క కప్పినచోట తెలుపు మిగులుతాయి. నీలి బట్ట మీద తెల్ల లేసు పరిచినట్లే ఉంటుంది. కొత్తిమీర పూత, సోంపు పూత ఇందులో అద్భుతంగా వస్తాయి. మందారం తెల్లటి మచ్చలా వస్తుంది, అదే మీకు జవాబు.

ఇంత హంగామా వద్దనుకుంటే సాయంత్రం వాలు ఎండలో గోడ మీద ఒక తెల్ల కాగితం అంటించి, మొక్క నీడను పెన్సిలుతో గీయండి. గీసేటప్పుడు తొందరగా గీయాలి, నీడ కదిలిపోతూ ఉంటుంది. ఆ తొందరలో అనవసరమైన వివరాలు వాటంతట అవే జారిపోతాయి.

సన్నదారం తిరిగి రాసినది

మూడు వారాలు ఆలస్యంగా రాస్తున్నందుకు అందరూ మన్నించాలి. చేసి చూశాకే రాద్దామని ఆగాను.

లెక్కలచీటీ గారూ, మీ అనుమానం నిజమే. మందారం మొదలును పొడుగు కుట్టుతో అల్లుతూ వరుసకు ఎనిమిదే పెంచాను. నమూనాలు చూసి అల్లినంత కాలం ఈ లెక్క ఎవరో ముందే చేసి పెట్టారు కాబట్టి నాకు తట్టలేదు.

మా పెరట్లో పొట్లపాదు లేదు గానీ పక్కింటి దడి మీద ఉంది. వారి అనుమతి అడిగి నాలుగు రాత్రులు దీపంతో వెళ్లాను. నాలుగో రాత్రికి గానీ నాకు ఒక విషయం తెలియలేదు. అన్ని పోగులూ ఒకే పొడవు ఉండవు. రేక కొస దగ్గరివి పొడుగ్గానూ, రేకలు కలిసే మూలల దగ్గరివి పొట్టిగానూ ఉన్నాయి. మొదటి ప్రయత్నంలో అన్నీ సమానంగా అల్లితే పువ్వు కాస్తా బండి చక్రంలా వచ్చింది. రెండోసారి పొడవులు మార్చి, నీలిముద్ర గారు చెప్పినట్లు గోడ మీద నీడ గీసుకొని అల్లాను. కొసల్లో మెలి కోసం కండెదారం గారు చెప్పిన రెండేసి కుట్లు బాగా పనిచేశాయి. తడిగా ఉండగానే దిండు మీద పరిచి, ఒక్కో పోగు కొసకూ ఒక గుండుసూది గుచ్చి ఆరనిచ్చాను. ఒక్క పువ్వుకు నలభై సూదులు పట్టాయి. అంచుకు పదకొండు పూలు కావాలి.

ఒక సందేహం మిగిలింది. పక్కపక్క పూల పోగులను ఒకదానికొకటి కలపాలా, లేక వల వేసి అందులో పూలను ఆనించాలా?

కండెదారం సమాధానం

వల వద్దు. వల వేస్తే మీ పోగులు అందులో కలిసిపోయి కనిపించకుండా పోతాయి. పక్కపక్క పూలలో పొడుగు పోగుల కొసలు ఎక్కడ తాకుతాయో అక్కడ మాత్రమే ఒక్కొక్క కుట్టుతో ముడివేయండి. పువ్వుకూ పువ్వుకూ మధ్య మూడు ముడులకు మించి వద్దు. తెర బరువంతా ఆ ముడుల మీద పడకుండా పైన ఒక గట్టి గొలుసు వరుస పెట్టి, ప్రతి పువ్వు నుంచీ రెండు పోగులను దానికి కట్టండి. పొట్టి పోగులను దేనికీ కట్టకుండా వదిలేయండి.

పెరటిగట్టు సమాధానం

పక్కింటివారితో మాట కలిసింది కాబట్టి, ఆ పాదు మీద ఒక్క కాయనైనా కోయకుండా పండి ఎండిపోయేదాకా ఉంచమని అడిగి చూడండి. వచ్చే ఏటికి మీకు సొంత విత్తనం దొరుకుతుంది. శిశిరపు అంచు కోసం ఒక బీరకాయ సంగతి కూడా ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, లేతగా ఉన్నప్పుడే కోసేస్తే పీచు దొరకదు.